మంచును చూచిన సాక్షి

1848వ సంవత్సరము మే నెల 11వ తేదీ ఉదయమున ఒక చిన్న బిడారు తూర్పు ఆఫ్రికాలోని నిర్జనమైన మైదానము మీదుగా పడమటికి సాగుచుండెను. ఏనుగులును, ఖడ్గమృగములును, అడవిదున్నలును సంచరించు ప్రదేశమది. ఆ బిడారులోని యూరోపీయుడు యోహానెస్ రెబ్మన్ ఒక్కడే. ఆయన చేతిలో గొడుగు తప్ప ఆయుధమేదియు లేదు.

పది గంటల వేళ దూరమున ఒక పర్వతశిఖరముపై తెల్లని మేఘము వంటిది ఆయనకు కనబడెను. అదేమని అడుగగా, మార్గదర్శికి చలి అను మాట తప్ప దానికి వేరొక పేరు తెలియలేదు. మంచు కురియు దేశమున పెరిగిన రెబ్మన్ దానిని వెంటనే గుర్తించెను. అది కిలిమంజారో. పిమ్మట బిడారు ఆగినప్పుడు ఆయన తన వరుస పఠనములో వచ్చిన 111వ కీర్తనను చదువుకొని, దేవుని క్రియలను తలపోసెను.

రెబ్మన్ 1820లో జర్మనీలోని వుర్టెంబర్గు సీమయందు గెర్లింగెన్ అను ఊరిలో జన్మించెను. బాసెల్‌లో శిక్షణ పొంది, చర్చి మిషనరీ సొసైటీ పక్షమున 1846లో మొంబాసాకు చేరెను. అచ్చట భార్యను, పసిబిడ్డను సమాధి చేసియు పని విడువని క్రాఫ్‌తో కలిసి రబాయి గ్రామమున మిషను స్థాపించెను.

1848 నవంబరులో రెబ్మన్ మరల కిలిమంజారో చెంతకు వెళ్లెను. ఆ పర్వత సానువులందు చగ్గా ప్రజలు కొండనీటిని కాలువలద్వారా మళ్లించి అరటితోటలు పెంచుకొనుచుండిరి. మూడవమారు 1849లో వెళ్లగా, మచామే నాయకుడు ఆయన సామగ్రినంతయు కాజేసెను. రిక్తహస్తములతో తిరిగివచ్చెను.

అంతకంటె పెద్ద నష్టము మాతృఖండమున సంభవించెను. 1849లో ఆయన వార్త అచ్చు కాగానే, భూమధ్యరేఖ చెంత మంచు ఉండుట అసంభవమని పండితులు ఆక్షేపించిరి. ఆఫ్రికాలో అడుగైనను పెట్టని లండను భూగోళవేత్త కూలీ, అది కంటిభ్రమ అని తీర్పు చెప్పెను. ఆ డిసెంబరులో క్రాఫ్ కెన్యా పర్వతముపై మంచును చూచి తెలుపగా, అతని మాటయు నమ్మబడలేదు.

రెబ్మన్ తాను చూచినదానిని మార్చి చెప్పలేదు. తన నివేదికను నిలిపియుంచి, తిరిగి భాషాసేవకు మరలి, స్థానిక భాషలకు నిఘంటువులు కూర్చెను. 1862లో వాన్ డెర్ డెకెన్ ఆ పర్వతముపై సుమారు 4,200 మీటర్ల ఎత్తువరకు ఎక్కి, మంచు నిజమేనని నిర్ధారించెను. 5,895 మీటర్ల శిఖరాగ్రమును 1889లో హాన్స్ మేయర్, పుర్ట్‌షెల్లర్ అధిరోహించిరి.

ఇంతలో 1866లో రెబ్మన్ భార్య ఎమ్మా మరణించెను. భ్రమపడినవని లోకము నిందించిన ఆ కన్నులు చివరకు నిజముగా చూపు కోల్పోయెను. 29 సంవత్సరముల సేవానంతరము 1875లో, రబాయి క్రైస్తవుడైన ఐజాక్ న్యోండో చేయి పట్టుకొని ఆయన స్వదేశము చేరెను. 1876 అక్టోబరు 4న కోర్న్‌టాల్‌లో కన్నుమూసెను.

నేడు ఆ శిఖరముపై మంచు చాలవరకు కరిగిపోయినది. దానిని గూర్చి ఆయన పలికిన సాక్ష్యము మాత్రము చెక్కుచెదరలేదు. చదువరీ, నీవు చూచిన సత్యమును నలుగురు నమ్మని దినమున, చేతనున్న పనిని విడువక ఓపికతో కనిపెట్టుము.