ఆరింట ఐదు: బెన్ హోగన్ 1953

గోల్ఫ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది పచ్చగడ్డి, తెల్ల టోపీలు, డబ్బున్న పెద్దమనుషులు. మా బోయిన్‌పల్లిలోనూ అంతే. కంటోన్మెంట్ పక్కనే పుట్టి పెరిగినా ఆ ఆట మాది అని నాకెప్పుడూ అనిపించలేదు. మాది గల్లీ క్రికెట్, బంతి ఎవరి మేడ మీద పడితే వాళ్ల చేత తిట్లు. అలాంటి నేను గోల్ఫ్ మీద వ్యాసం రాస్తున్నానంటే కారణం ఒక కమ్మరి కొడుకు. అతని పేరు బెన్ హోగన్.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఒక రౌండ్ అంటే 18 హోల్స్. ఎన్ని తక్కువ దెబ్బల్లో బంతిని గుంతల్లో వేస్తే అంత గొప్ప. పెద్ద టోర్నమెంట్లలో నాలుగు రౌండ్లు ఆడి మొత్తం లెక్కేస్తారు. పరిగెత్తే పని లేదు కానీ, నడక మాత్రం తప్పదు. ఈ నడక అన్న మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

హోగన్ 1912లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి కొలిమి పని చేసేవాడు. గుర్రాలు పోయి మోటార్లు వస్తున్న కాలం అది. 1922లో, హోగన్‌కి తొమ్మిదేళ్లప్పుడు, తండ్రి తుపాకీతో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటినుంచి ఆ పిల్లాడు ఫోర్ట్ వర్త్ రైల్వే స్టేషన్లో పేపర్లు అమ్మాడు. పదకొండేళ్లకి గోల్ఫ్ క్లబ్బులో కేడీగా చేరాడు. కేడీ అంటే ఆడేవాళ్ల సంచి మోసేవాడు. అలా, డబ్బున్నవాళ్ల ఆటని సంచి మోస్తూ నేర్చుకున్నాడన్నమాట. చదువు హైస్కూల్ మధ్యలోనే ఆగిపోయింది.

1930లో ప్రొఫెషనల్ అయ్యాడు. అయ్యాడే కానీ గెలిస్తేగా! కొట్టిన బంతి ఎడమవైపుకి వంకర తిరిగిపోయేది. ఒకటి కాదు రెండు కాదు, చాలాసార్లు చేతిలో డబ్బులైపోయి ఇంటికి తిరిగొచ్చాడు. భార్య వాలెరీ తోడుగా పాత కారులో ఊరూరా తిరిగేవాడు. సొంతంగా ఒక టోర్నమెంట్ గెలవడానికి 1940 దాకా పట్టింది. ఇక ఆ పదేళ్లూ అతను చేసింది ఒక్కటే, ప్రాక్టీస్. ఎందుకు వంకర పోతోంది, మణికట్టు ఎక్కడుంది, మోచేయి ఎక్కడుంది అని ఒక్కో దెబ్బనీ విప్పి చూసుకున్నాడు. మన ల్యాబ్‌లో ఒక్క పారామీటర్ మాత్రమే మార్చి మిగతావి అలాగే ఉంచి రీడింగ్ తీసుకుంటాం చూడండి, అచ్చం అలా.

కష్టం ఫలించింది. మధ్యలో యుద్ధం వచ్చి సైన్యంలో పనిచేసినా, తిరిగొచ్చాక పెద్ద టైటిళ్లు వరుస కట్టాయి. 1948లో యూఎస్ ఓపెన్, పీజీఏ రెండూ అతనివే.

1949 ఫిబ్రవరి 2. టెక్సస్‌లోని వాన్ హార్న్ ఊరి దగ్గర, దట్టమైన పొగమంచులో హోగన్ దంపతులు కారులో ఇంటికి వెళ్తున్నారు. ఎదురుగా ఒక గ్రేహౌండ్ బస్సు లారీని ఓవర్‌టేక్ చేస్తూ వీళ్ల లైన్లోకి వచ్చేసింది. తప్పుకోవడానికి చోటు లేదు. హోగన్ భార్యని కాపాడాలని ఆమె మీదికి అడ్డంగా పడ్డాడు. అదే అతన్నీ బతికించింది, ఎందుకంటే ఆ దెబ్బకి స్టీరింగ్ రాడ్ డ్రైవర్ సీట్లోకి చొచ్చుకుపోయింది. కటి ఎముక రెండుచోట్ల విరిగింది. కాలర్ బోన్, చీలమండ, పక్కటెముక కూడా దెబ్బతిన్నాయి. తర్వాత కాళ్లలో రక్తం గడ్డలు కట్టి పైకి పాకడం మొదలైంది. అవి గుండెకి చేరకుండా కింది నుంచి రక్తం తెచ్చే పెద్ద సిరనే డాక్టర్లు కట్టేశారు. ప్రాణం దక్కింది కానీ, కాళ్లలో రక్తప్రసరణ మాత్రం జీవితాంతం అంతంతమాత్రమే. 59 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

సెకండియర్‌లో వెనక నుంచి వచ్చిన ఒక బండి గుద్ది నా కాలు విరిగింది. రాడ్ వేశారు. మంచం మీద ఆరు వారాలు గడిపాక మొదటిసారి బాత్రూమ్ దాకా నడిచిన రోజు నాకింకా గుర్తుంది. ఆ పది అడుగులకే చెమట్లు పట్టాయి. అందుకే హోగన్ కథలో నన్ను పట్టేసింది అతను గెలిచిన కప్పులు కాదు, అతను నడిచిన నడక. ప్రమాదం జరిగిన పదహారు నెలలకి, 1950 జూన్‌లో, కాళ్లకి ఎలాస్టిక్ కట్లు చుట్టుకుని యూఎస్ ఓపెన్ ఆడాడు. అప్పట్లో ఆ పోటీలో చివరి రెండు రౌండ్లూ ఒకేరోజు. ఆ 36 హోల్స్ నడిచి ముగ్గురు సమానంగా నిలిస్తే, మర్నాడు ఇంకో 18 హోల్స్ నడిచి గెలిచాడు.

ఇక 1953కి వద్దాం. హోగన్‌కి నలభై ఏళ్లు. మిగతా ఆటగాళ్లు వారం వారం ఊరు మారుతూ ఆడుతుంటే, ఇతని కాళ్లు అందుకు ఒప్పుకోవు. ఒక్క టోర్నమెంట్ ఆడితే మళ్లీ కోలుకోవడానికి సమయం కావాలి. అందుకని సంవత్సరం మొత్తానికి ఆరంటే ఆరే ఆడాడు.

ఏప్రిల్‌లో మాస్టర్స్. 274 దెబ్బల్లో ముగించాడు. అంతకుముందున్న రికార్డు 279. తర్వాత మెక్సికోలో పాన్ అమెరికన్ ఓపెన్, సొంతూరు ఫోర్ట్ వర్త్‌లో కొలోనియల్, రెండూ గెలిచాడు. గ్రీన్‌బ్రియర్‌లో జరిగిన పోటీ ఒక్కటే చేజారింది. జూన్‌లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్, రెండో స్థానంలో ఉన్న శామ్ స్నీడ్‌కీ ఇతనికీ తేడా ఆరు దెబ్బలు.

ఆరోది స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్. అతను ఎప్పుడూ ఆడని పోటీ అది. మొదటి బహుమతి 500 పౌండ్లు, అంటే డబ్బు కోసం సముద్రం దాటాల్సినంత మొత్తం కాదు. పైగా అక్కడ అన్నీ తేడానే. అమెరికా బంతి వ్యాసం 1.68 అంగుళాలు, అక్కడ వాడే బంతి 1.62. బంతి చిన్నదైతే గాలి అడ్డు తగ్గుతుంది, ఎదురుగాలిలో బాగా దూసుకెళ్తుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివిన మనకి ఇది అర్థమవుతుంది, కానీ ఇరవై ఏళ్లుగా పెద్ద బంతికి అలవాటుపడ్డ చేతులకి ఎలా నచ్చజెప్పాలి? నేల కూడా సముద్రపు ఒడ్డున ఉండే గట్టి నేల. అందుకే చాలా రోజుల ముందే వెళ్లి, అదే బంతితో అదే గాలిలో కొట్టి కొట్టి చూసుకున్నాడు. ఎంత పెద్ద ఛాంపియన్ అయినా ముందు రెండు క్వాలిఫైయింగ్ రౌండ్లు ఆడాల్సిందే. అవీ ఆడాడు.

అసలు పోటీలో అతని స్కోర్లు చూడండి: 73, 71, 70, 68. చివరి రెండు రౌండ్లూ ఒకేరోజు, అదీ ఒంట్లో బాగోని రోజున. సుమారు 13 కిలోమీటర్ల నడక, అంటే దాదాపు మా బోయిన్‌పల్లి నుంచి చార్మినార్ దాకా నడిచినంత. కాళ్లు అలసిపోతున్న కొద్దీ స్కోరు మెరుగుపడుతూ వచ్చింది. నాలుగు దెబ్బల తేడాతో గెలిచాడు. అంటే ఆరింట ఐదు, అందులో మూడు మేజర్లు. నాలుగో మేజర్ పీజీఏ తేదీలు బ్రిటిష్ ఓపెన్‌తో కలిసిపోయాయి కాబట్టి రెండూ ఆడటం కుదరదు. ఒకవేళ కుదిరినా, రోజుల తరబడి సాగే ఆ పోటీని ఆ కాళ్లు తట్టుకునేవి కావు. జూలైలో న్యూయార్క్ వీధుల్లో అతనికి కాగితాల వాన కురిపిస్తూ ఊరేగింపు చేశారు. బ్రిటిష్ ఓపెన్‌కి మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు. ఒక్కసారే వెళ్లాడు, గెలిచాడు, వచ్చేశాడు.

అతను అందరికీ నచ్చే మనిషేం కాదు. నవ్వడు, మాట్లాడడు. స్కాట్లండ్ జనం అతనికి మంచుమనిషి అనే అర్థం వచ్చేలా ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇంకే మేజరూ గెలవలేదు. 1955 యూఎస్ ఓపెన్‌లో గెలుపు చేతిదాకా వచ్చి, ఎవరూ ఊహించని జాక్ ఫ్లెక్ చేతిలో ఓడిపోయాడు. చివరికి రెండడుగుల దూరం నుంచి బంతిని గుంతలోకి నెట్టడానికి కూడా చేతులు మొరాయించేవి. గోల్ఫ్ క్లబ్బులు తయారుచేసే కంపెనీ పెట్టి, మొదట తయారైన సరుకు తనకి నచ్చలేదని నష్టానికి కూడా వెనకాడకుండా పారేయించాడు. 1997లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఫ్రెండ్స్, మనం ఫెస్టుకీ పేరిస్తాం, హ్యాకథాన్‌కీ పేరిస్తాం, నాలుగు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరతాం. వేటికీ టైమ్ సరిపోదు. హోగన్‌కి ఎక్కువ ఆడే అవకాశమే లేదు కాబట్టి, ఆడే ఆరింటికీ సంవత్సరం మొత్తం దాచుకున్నాడు. మనకి రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి, అదృష్టం. ఈ సెమిస్టర్‌కి మన ఆరు ఏవో రాసుకోగలమా? నేను ఇంకా రాసుకుంటున్నాను. ఇప్పటికి మూడు కొట్టేశాను, ఇంకా తొమ్మిది మిగిలాయి.