మంచురేకుల బెంట్లీ

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే ఊరు ఉంది. అక్కడ చలికాలంలో మంచు దూదిలా కురుస్తుంది. శ్రీనగర్‌లోనో, లేహ్‌లోనో ఉండి వచ్చిన మన పిల్లలు అలాంటి మంచును చూసే ఉంటారు. ఆ ఊళ్ళో 1865 ఫిబ్రవరి 9న ఒక రైతు ఇంట విల్సన్ బెంట్లీ పుట్టాడు. తల్లి ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పేది. కొడుకుకూ చాలా ఏళ్ళు ఇంట్లోనే చదువు చెప్పింది. ఆమె దగ్గర ఒక పాత సూక్ష్మదర్శిని ఉండేది. పదిహేనో ఏట బెంట్లీ దాని కింద ఒక మంచురేకును పెట్టి చూశాడు. ఆరు కొనలతో, ముగ్గు వేసినట్టుంది. బొమ్మ గీద్దామని పెన్సిలు పట్టుకుంటే సగం గీసేలోపే కరిగిపోయింది. అలాంటి రేకు మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

దీనికి కెమెరా ఒక్కటే మార్గం అనుకున్నాడు. తండ్రికి అదంతా పనికిమాలిన పనిగా తోచింది. చివరికి తల్లి మాట కాదనలేక ఒప్పుకున్నాడు. కెమెరాకూ సూక్ష్మదర్శినికీ కలిపి సుమారు 100 డాలర్లయ్యాయి. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఎన్నో విఫల ప్రయత్నాల తరువాత 1885 జనవరి 15న మొదటి ఫొటో కుదిరింది. అప్పటికి అతడికి ఇరవై ఏళ్ళు నిండలేదు.

ఆయన పనిచేసే తీరు గమనించదగ్గది. మంచు కురిసేటప్పుడు నల్లని పలక పట్టుకుని నిలబడేవాడు. దానిమీద పడ్డ రేకుల్లో బాగున్నదాన్ని సన్నని పుల్లతో ఎత్తి గాజుపలక మీద పెట్టేవాడు. ఈకతో మెల్లగా అదిమేవాడు. ఊపిరి తగిలినా కరుగుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టి, నిప్పు లేని చల్లని గదిలో ఇదంతా చేయాలి. కెమెరాను కిటికీ వైపు తిప్పి, రేకు గుండా వచ్చే పగటి వెలుతురుతోనే ఫొటో తీసేవాడు. కెమెరా పొడవుగా ఉండడంతో వెనక నిలబడి చూస్తూ ఫోకస్ తిప్పడానికి చెయ్యి అందేది కాదు. దానికి చక్రాలూ తాడూ కట్టి తానే ఉపాయం చేసుకున్నాడు.

ఫోన్‌తో తూనీగను తీయబోయి మసక బొమ్మతో తిరిగొచ్చిన వాళ్ళు మనలో చాలామందే. మరీ దగ్గరికి వెళితే స్పష్టంగా కనిపించే మేర చాలా పలుచనైపోతుంది. కన్ను బాగా వస్తే తోక మసకబారుతుంది. బెంట్లీ రేకును చదునుగా అదిమింది ఇందుకే. తూనీగను అదమలేం కాబట్టి ఫోన్‌నే దాని ఒంటికి సమాంతరంగా పట్టుకోవాలి. తెల్లవారుజామున వెళ్ళడం మేలు. చలికి ఎగరలేక, రెక్కల నిండా మంచుబిందువులతో అది కదలకుండా ఉంటుంది. ఆ బిందువుల్ని కూడా బెంట్లీ ఫొటోలు తీశాడు.

ఆయన మీద విమర్శలూ వచ్చాయి. తెల్లని రేకు తెల్లని వెలుతురులో సరిగా కనిపించదు. అందుకని నెగెటివ్ మీద రేకు చుట్టూ ఉన్న పూతను కత్తితో గీకేసేవాడు. ఫొటోలో ఆ చోటంతా నల్లగా వచ్చేది. ఇది బొమ్మను మార్చడమేనని జర్మనీలో కొందరు తప్పుపట్టారు. కానీ ఆయన గీకింది నకలు ప్లేటు మీదే, అసలుది అలాగే ఉంచాడు. మనం దీన్ని మోసం అనలేం. అందమైన రేకుల్నే ఏరుకున్నాడన్న మాట మాత్రం నిజమే. కురిసే మంచులో అవకతవకగా ఉండేవే ఎక్కువ.

పగలు పాడిపని, వాన పడితే పళ్ళెంలో పిండి పోసి చినుకుల పరిమాణం కొలవడం, మంచు పడితే ఫొటోలు. ప్లేట్లను ఒక్కోటి 5 సెంట్లకు బళ్ళకూ కాలేజీలకూ అమ్మేవాడు. రెండు మూడేళ్ళకోసారి సామాను సర్దుకునే మనకు వింతగా ఉంటుంది గానీ, ఆయన జీవితమంతా ఆ ఒక్క ఊళ్ళోనే గడిపాడు. 5,000కు పైగా ఫొటోలు తీశాడు. వాటిలో 2,400కు పైగా 1931 నవంబరులో పుస్తకంగా వచ్చాయి. ఆ డిసెంబరులోనే మంచు తుఫానులో నడిచి ఇంటికొచ్చి న్యుమోనియాతో మంచంపట్టాడు. 23న కన్నుమూశాడు.