చందమామ చిత్రా

చిన్నప్పుడు నేను చందమామను రాత్రిపూట బోర్లించి, దానిమీద పలక పెట్టి పడుకునేవాణ్ణి. లోపలున్న రాక్షసుడు బయటికి రాకుండా! బొమ్మ మూల చిత్రా అని సంతకం ఉండేది. ఎవరో ఆడమనిషి అనుకున్నాను. మీలోనూ కొందరు అనుకునే ఉంటారు.

కాదని తెలిసేసరికి కాలేజీలో ఉన్నాను. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసులో చందమామను ప్రారంభించిన తొలిరోజుల నుంచీ బొమ్మలు వేసినవారు. 1954లో దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది. ఇక అక్కణ్ణించి ఆయన రాత, ఈయన గీత. రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం... పేర్లు తలచుకుంటేనే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కోరలూ కొమ్ములూ ఎవరైనా పెడతారు. చిత్రాగారు ఆ మృగాన్ని చూస్తున్న మనిషి కళ్ళు, బిగిసిన పిడికిలి, వెనక్కి వెయ్యబోయే పాదం కూడా గీశారు. మనకు భయం పుట్టేది అతణ్ణి చూసే. సరిగ్గా అక్కడ, తరువాయి వచ్చే నెల! ముప్ఫై రోజులూ ఆ పాదం గాలిలోనే ఉండేది. ఖడ్గవర్మ, జీవదత్తుడు బతికి బయటపడతారా లేదా అని నేనూ మా అక్కా పందెం వేసుకునేవాళ్ళం.

1978లో ఆయన పోయారు. మాకు తెలియనే లేదు. పత్రిక వస్తూనే ఉంది, బొమ్మల్లో ఏదో తేడా. మునుపటిలా భయం వెయ్యడం లేదేమిట్రా అని అక్క అడిగింది. పెద్దవాళ్ళమయ్యాం కదా అన్నాను.

మొన్న పాత సంచిక ఒకటి దొరికింది. చదివి, పడుకోబోతూ బోర్లించాను. పలక లేదు, కళ్ళజోడు పెట్టె పెట్టాను.