తిరుగుబాటుదారుకు అధికారం వస్తే

నిన్నటి ఆందోళనకారులు ఢిల్లీలో మంత్రులైనప్పుడల్లా నాకు బోస్టన్ నాయకుడు శామ్యూల్ ఆడమ్స్ జ్ఞప్తికి వస్తాడు. 1722లో జన్మించిన ఆయన వ్యాపారంలో విఫలుడు. పన్నుల వసూలుదారుగా బకాయిపడినవాడు. కాని తమ ప్రతినిధులు లేని పార్లమెంటుకు పన్ను విధించే హక్కు లేదని 1764 నుండి వాదించాడు. 1772లో బోస్టన్‌లో నెలకొల్పిన ఉత్తరప్రత్యుత్తరాల సంఘం ఊరూరా పాకింది. బెంగాలును పీల్చి పిప్పిచేసిన ఈస్టిండియా కంపెనీయే దివాలా అంచున నిలిచి, 1773లో తన తేయాకును వారిపై రుద్దబోయింది. డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలు సముద్రం పాలయ్యాయి. 1776లో ఆయన స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేశాడు.

అయితే 1786లో పన్నులకు, అప్పులకు తాళలేక మసాచుసెట్స్ రైతులు తిరగబడగా, ప్రజాప్రభుత్వంపై తిరుగుబాటుకు మరణదండనే తగునన్నాడు. తర్వాత గవర్నరై, 1803లో మరణించాడు. ఓటున్నచోట తిరుగుబాటు తగదన్న వాదంలో బలమున్నది. కాని ఓటుండీ గోడు వినేవారు లేని రైతుకు అది ఏ ఊరటనిస్తుందో నాకు బోధపడదు.