బొమ్మలకు ప్రాణం పోసిన డాక్టరు – ఒసాము తెజుకా

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక హాస్టల్ టీవీ ముందు చోటు దొరకడం ఎంత కష్టమో మనకందరికీ తెలుసు. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో చదువుకున్న మన పూర్వ విద్యార్థులు 1993లో వచ్చిన మోగ్లీ కథను ఇప్పటికీ మరచిపోలేదు. ఆ తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళు డోరేమాన్, షిన్‌చాన్ చూస్తూ పెరిగారు. మోగ్లీ అడవి మన దేశంలోదే అయినా, ఆ బొమ్మలు గీసింది జపాన్ వాళ్ళు. ఎక్కడో సముద్రాల అవతల గీసిన బొమ్మలు నకిరేకల్‌లోని హాస్టల్ గదిలోకి ఎలా వచ్చాయి? వాటిని ఎవరు ఎవరికి అమ్మారు? ఈ దారికి తొలి బాట వేసిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పేరు ఒసాము తెజుకా. ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసింది చాలా ఉందని భావించి ఈ వార్షికోత్సవ సంచిక కోసం ఆ జీవిత విశేషాలను అందిస్తున్నాము.

బాల్యం

తెజుకా 1928 నవంబర్ 3న జపాన్‌లోని ఒసాకా దగ్గర తొయొనాకా అనే పట్టణంలో జన్మించారు. తర్వాత వారి కుటుంబం తకరాజుకా అనే ఊరికి మారింది. ముగ్గురు పిల్లల్లో ఆయనే పెద్దవాడు. తండ్రికి సినిమాలంటే ఇష్టం. ఇంట్లోనే చిన్న ప్రొజెక్టర్ పెట్టి పిల్లలకు వాల్ట్ డిస్నీ బొమ్మల చిత్రాలు చూపించేవారు. తల్లి బొమ్మల కథల పుస్తకాలను పాత్రల గొంతులు మార్చి చదివి వినిపించేది.

బడిలో మాత్రం ఆ పిల్లవానికి సుఖం లేదు. పొట్టిగా, బక్కగా, రింగుల జుట్టుతో, కళ్ళద్దాలతో ఉండే తెజుకాను తోటి పిల్లలు ఏడిపించేవారు. ఆయన తిరగబడి కొట్టలేదు, బడి మానలేదు. నోటు పుస్తకంలో బొమ్మల కథలు గీశారు. ఏడిపించిన పిల్లలే ఆ పుస్తకం కోసం వెంటపడ్డారు. పురుగులను పట్టి, వాటిని చూసి అచ్చంగా బొమ్మ గీయడం ఆయనకు మరో అలవాటు. ఒసాముషి అనే ఒక రకం పురుగు పేరు తన పేరును పోలి ఉందని, తన పేరు రాతలో పురుగు అనే అర్థమిచ్చే అక్షరాన్ని చేర్చుకున్నారు. ఆ పేరుతోనే లోకానికి పరిచయమయ్యారు.

యుద్ధం – వైద్య విద్య

ఆయన యవ్వనంలోకి వచ్చేసరికి రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్నది. చదువుకోవలసిన వయసులో విద్యార్థులను ఫ్యాక్టరీ పనులకు పంపారు. 1945 జూన్‌లో ఒసాకా మీద బాంబుల వర్షం కురిసినప్పుడు తెజుకా అక్కడే ఉన్నారు. చుట్టూ మనుషులు మాడి చనిపోవడం కళ్ళారా చూసి, తాను మాత్రం బతికి బయటపడ్డారు. ప్రాణం విలువ అనే మాట ఆయన ప్రతి కథలోనూ వినిపించడానికి కారణం ఇదే.

యుద్ధం ముగిసిన కాలంలో ఒసాకాలో వైద్య విద్య చదివారు. పగలు శవ పరీక్షల పాఠాలు, రాత్రి బొమ్మల కథలు. 1946లో పిల్లల పత్రికలో తొలి బొమ్మల కథ అచ్చయింది. 1947లో వచ్చిన 'కొత్త నిధి దీవి' అనే పుస్తకం నాలుగు లక్షల ప్రతులు అమ్ముడైందని చెబుతారు. సినిమాలో కెమెరా దగ్గరికి వచ్చినట్లు, దూరం జరిగినట్లు బొమ్మలు గీయడం జపాన్ పిల్లలకు కొత్తగా తోచింది. 1952లో డాక్టరు పరీక్ష కూడా పాసయ్యారు. ఏ దారిలో వెళ్ళాలో తేల్చుకోలేక తల్లిని అడిగితే, మనసుకు నచ్చిన పనే చేయమని ఆమె సలహా ఇచ్చింది. ఆయన బొమ్మల దారినే ఎంచుకున్నారు. అయినా చదువును వదలలేదు. 1961లో నారా వైద్య విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు.

ఆటమ్ పుట్టుక

1952లో 'ఉక్కు చేతుల ఆటమ్' అనే కథ ఒక బాలల మాసపత్రికలో మొదలైంది. కొడుకును ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక శాస్త్రవేత్త అచ్చం ఆ పిల్లవానిలాంటి రోబోను తయారు చేస్తాడు. రోబో కదా, ఎదగడు. దానితో విసిగిపోయి సర్కస్ వాళ్ళకు అమ్మేస్తాడు. మరో ప్రొఫెసర్ వాణ్ణి చేరదీస్తాడు. లక్ష గుర్రాల బలం ఉన్నా ఆటమ్‌కు మనుషుల మధ్య సమాన హోదా ఉండదు. పని చేయించుకుంటారు, పక్కన కూర్చోనివ్వరు. పుట్టుకను బట్టి విలువ కట్టే లోకంలో తన గౌరవం కోసం పోరాడే పిల్లవాని కథ ఇది. మన హాస్టళ్ళలో చదివే పిల్లలకు ఈ బాధ ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

టీవీకి అమ్మకం

1961లో తెజుకా సొంతంగా యానిమేషన్ సంస్థ పెట్టారు. దానికే తర్వాత ముషి ప్రొడక్షన్ అనే పేరు వచ్చింది. ముషి అంటే పురుగు. 1963 జనవరి 1న ఫుజి టెలివిజన్‌లో ఆటమ్ ధారావాహిక మొదలైంది. వారం వారం అరగంట కథగా సాగిన టీవీ యానిమేషన్ జపాన్‌లో అదే మొదటిది. 1966 డిసెంబర్ 31 వరకు 193 భాగాలు నడిచింది. ఒక దశలో చూసేవారి సంఖ్య 40 శాతం దాటింది.

ఇక్కడ లెక్క గమనించాలి. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతుంది. డిస్నీ చిత్రాల్లో ఆ సెకనుకు 12 నుండి 24 బొమ్మలు గీసేవారు. వారానికి ఒక అరగంట కథ ఆ పద్ధతిలో తీయడం అసాధ్యం. అందుకే తెజుకా సెకనుకు 8 బొమ్మలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే వాడారు. మాట్లాడేటప్పుడు నోరు మాత్రమే కదిలించారు. ఆటమ్ ఎగిరే బొమ్మను ఒకసారి గీసి దాచిపెట్టి, మళ్ళీ మళ్ళీ వాడారు.

ఇంత చేసినా ఖర్చు తగ్గలేదు. కానీ తెజుకా ఒక్కో భాగాన్ని తయారీ ఖర్చు కన్నా బాగా తక్కువ ధరకే టీవీకి ఒప్పుకున్నారు. ధర తక్కువైతే పోటీకి ఎవరూ రారని, టీవీ వాళ్ళు కాదనలేరని ఆయన ఆలోచన. మరి నష్టం ఎలా పూడుతుంది? రెండు దారులున్నాయి. ఒకటి, పాత్ర బొమ్మను వస్తువుల మీద వాడుకోవడానికి అనుమతి ఇచ్చి రుసుము తీసుకోవడం. కార్యక్రమాన్ని సమర్పించిన మెయిజీ మిఠాయి కంపెనీ చాక్లెట్ డబ్బాల్లో ఆటమ్ స్టిక్కర్లు పెడితే పిల్లలు ఎగబడి కొన్నారు. ఇవాళ మన పెన్సిల్ బాక్సుల మీద, స్కూల్ బ్యాగుల మీద కనిపించే బొమ్మలన్నీ ఈ లెక్కలోవే. రెండవది, విదేశాలకు ప్రసార హక్కులు అమ్మడం.

సముద్రం దాటిన ఆటమ్

హక్కుల అమ్మకం అంటే బొమ్మను పూర్తిగా ఇచ్చేయడం కాదు. పొలం కౌలుకు ఇచ్చినట్లు అనుకోవచ్చు. ఏ దేశంలో, ఏ భాషలో, ఎన్ని ఏళ్ళు చూపించవచ్చో కాగితం మీద రాసుకుంటారు. గడువు తీరితే హక్కు తిరిగి యజమానికి రావాలి. అమెరికాలో ఎన్‌బీసీ సంస్థ తరఫున ఆటమ్‌ను తీసుకున్నారు. ఫ్రెడ్ లాడ్ అనే ఆయన ఆధ్వర్యంలో ఇంగ్లీషు డబ్బింగ్ జరిగింది. పేరు 'ఆస్ట్రో బాయ్' అయింది. 1963 సెప్టెంబర్ నుండి 104 భాగాలు అమెరికాలోని వేర్వేరు టీవీ స్టేషన్లకు వెళ్ళాయి. యుద్ధంలో ఓడిన దేశం బొమ్మను గెలిచిన దేశం పిల్లలు తమ బొమ్మగా చూసుకున్నారు.

డబ్బు ఇచ్చినవాడు షరతులూ పెడతాడు. 1965లో తెజుకా తన 'అడవి చక్రవర్తి' కథను రంగుల్లో తీశారు. జపాన్ టీవీలో అది తొలి రంగుల యానిమేషన్ ధారావాహిక. తెల్ల సింహం పిల్ల పెరిగి పెద్దదై, తండ్రి అయి, చివరికి ప్రాణత్యాగం చేయడం అసలు కథ. అమెరికా వాళ్ళు అలా వద్దన్నారు. స్టేషన్లు ఏ భాగాన్ని ఎప్పుడైనా వేసుకునేలా ప్రతి కథా దానికదే ముగియాలన్నారు. సింహం పిల్లగానే ఉండాలన్నారు. తెజుకా ఒప్పుకున్నారు. లియో అనే ఆ సింహం అమెరికాలో కింబా అయింది. పెద్దదైన లియో కథను మరుసటి ఏడాది వేరే ధారావాహికగా తీసి తన కోరిక తీర్చుకున్నారు.

1994లో, ఆయన పోయిన తర్వాత, డిస్నీ వారి 'లయన్ కింగ్' విడుదలైంది. రెండింటికీ పోలికలున్నాయని జపాన్ చిత్రకారులు వందల మంది సంతకాలు చేసి లేఖ పంపారు. డిస్నీ వారు అనుకరణ కాదన్నారు. తెజుకా సంస్థ కోర్టుకు వెళ్ళలేదు. ఆయన చిన్ననాటి నుండి డిస్నీని గురువుగా భావించారు. బాంబీ చిత్రాన్ని 80 సార్లకు పైగా చూశారంటారు. 1964లో న్యూయార్క్‌లో డిస్నీని ఒక్కసారి కలుసుకున్నారు.

నష్టం – మళ్ళీ లేవడం

తక్కువ ధర ఒప్పందం ఊరికే పోలేదు. తర్వాత వచ్చిన సంస్థలకు కూడా టీవీ వాళ్ళు అదే లెక్కలో ధర కట్టారు. బొమ్మలు గీసే కార్మికుల కూలి తగ్గింది, రాత్రింబవళ్ళు పని పెరిగింది. ఈ విషయంలో తెజుకాను తప్పుపట్టిన వారిలో హయావో మియాజాకి వంటి పెద్ద దర్శకులు కూడా ఉన్నారు. ఆ విమర్శలో నిజముందని మేమూ అనుకుంటాము. మహనీయుల జీవితంలో మంచిని చెప్పి ఇలాంటివి దాచడం న్యాయం కాదు.

1973లో ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. అప్పటికే ఆయన అధ్యక్ష పదవి నుండి తప్పుకున్నా అప్పులు ఆయన్ను వదలలేదు. ఆ సంస్థ తీసిన చిత్రాల హక్కులు ఏళ్ళ తరబడి చిక్కుల్లో పడ్డాయి. తెజుకా పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అదే ఏడాది 'బ్లాక్ జాక్' అనే డాక్టరు కథ మొదలుపెట్టి మళ్ళీ లేచి నిలబడ్డారు. ఎప్పుడో చదివిన వైద్యం కష్టకాలంలో అన్నం పెట్టింది. చదివిన చదువు వృథా పోదనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

బుద్ధుని కథ

1972 నుండి 1983 వరకు ఆయన బుద్ధుని జీవితాన్ని బొమ్మల కథగా గీశారు. మనకు అన్నిటికన్నా దగ్గరైన పుస్తకం ఇది. సిద్ధార్థుడు పుట్టక ముందే కథ మొదలవుతుంది. అందులో చాప్రా అనే బానిస పిల్లవాడు పుట్టుక దాచి సేనాని ఇంట కొడుకుగా పెరుగుతాడు. తల్లిని కాదనలేక నిజం బయటపడి తల్లితో సహా ప్రాణాలు కోల్పోతాడు. తత్తా అనే అంటరాని పిల్లవాడు మరో ముఖ్య పాత్ర. జపాన్‌లో కూర్చుని మన దేశపు కులవ్యవస్థను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పిన రచయిత ఆయన. ఫణిగిరి, నాగార్జునకొండ వంటి బౌద్ధ క్షేత్రాలున్న నేల మనది. 2022లో నాగార్జునసాగర్ దగ్గర బుద్ధవనం కూడా వెలిసింది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1956లో నడిచిన దారి ఎందుకు నడిచారో తెలుసుకోగోరే పిల్లలకు ఈ బొమ్మల పుస్తకం మంచి తోడు. ఇంగ్లీషులో ఇది ఎనిమిది సంపుటాలుగా దొరుకుతుంది. మన హాస్టల్ లైబ్రరీకి తెప్పించే బాధ్యత పూర్వ విద్యార్థులు తీసుకుంటే బాగుంటుందని మా మనవి.

చివరి రోజులు – మనకు పాఠం

తెజుకా 1989 ఫిబ్రవరి 9న జీర్ణాశయ క్యాన్సర్‌తో టోక్యోలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 60 ఏళ్ళు. ఆసుపత్రి మంచం మీద కూడా బొమ్మలు గీస్తూనే ఉన్నారు. జీవితకాలంలో గీసిన పుటలు లక్షా యాభై వేలు ఉంటాయని అంచనా. ఆయన ఖాళీ చేసిన అద్దె గదిలోకి వచ్చి చేరిన ఇద్దరు పేద కుర్రాళ్ళే ఫుజికో ఫుజియో అనే జంట పేరుతో గీశారు. డోరేమాన్‌ను సృష్టించింది వారిలో ఒకరు. గది కోసం కట్టిన అడ్వాన్సును కూడా తెజుకా వాళ్ళకే వదిలేశారు. సీనియర్ అంటే ఎలా ఉండాలో ఇందులో ఉంది.

నకిరేకల్‌లో బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరే హైదరాబాద్‌లో ఇవాళ యానిమేషన్ సంస్థలున్నాయి. 2008లో టీవీకి వచ్చిన ఛోటా భీమ్ అక్కడి గ్రీన్ గోల్డ్ సంస్థలో తయారైనదే. ఒకప్పుడు బయటి బొమ్మలు కొనుక్కున్న మనం ఇప్పుడు మన బొమ్మలు బయటికి అమ్ముతున్నాం. నోటు పుస్తకం చివరి పేజీల్లో బొమ్మలు గీసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మన హాస్టళ్ళలో ఎందరో ఉన్నారు. వారికి మేము చెప్పేది ఇంతే. గీయండి, చదువు మానకండి. మీ పనికి ధర అడగడానికి సిగ్గుపడకండి. సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదవండి, అర్థం కాకపోతే తెలిసినవారితో చదివించుకోండి. మీరు తక్కువకు ఒప్పుకుంటే ఆ నష్టం మీ ఒక్కరితో ఆగదు, మీ వెనుక వచ్చేవారి కూలి కూడా తగ్గుతుంది.