నీలి కిటికీల దేవాలయం

విన్సెంట్ వాన్ గోగ్ పేరు వినగానే పొద్దుతిరుగుడు పూలు గుర్తుకొస్తాయి. ఆయన ఒక కతోలిక దేవాలయాన్ని కూడా చిత్రించారని మనలో కొందరికే తెలుసు.

1853 మార్చి 30న హాలెండులోని జుండర్ట్‌లో, ఒక ప్రొటెస్టెంట్ పాస్టరుగారి ఇంట ఆయన జన్మించారు. యౌవనంలో సువార్త సేవను కోరి, బెల్జియంలోని బొరినాజ్ బొగ్గు గనుల ప్రాంతానికి వెళ్ళారు. ఉన్న బట్టలు పేదలకిచ్చి, తాను గడ్డి మీద పడుకునేవారు. పెద్దలకు ఆ తీరు నచ్చలేదు. 1879లో ఆయనను కొనసాగించలేదు. మరుసటి ఏడు ఆయన చిత్రకళను చేపట్టారు.

మానసిక వ్యాధికి ఏడాది చికిత్స పొంది, 1890 మే 20న పారిస్ దాపునున్న ఓవేర్ గ్రామం చేరారు. జూన్‌లో అక్కడి మరియమాత దేవాలయాన్ని చిత్రించారు.

ఆ చిత్రంలో ముందున్న పచ్చిక, దారి ఎండలో మెరుస్తాయి. దేవాలయం మాత్రం తన నీడలోనే ఉంటుంది. ఆకాశం ముదురు నీలం, కిటికీలూ నీలమే. లోపల దీపపు వెలుగు లేదు, ద్వారం కనిపించదు. దారి రెండుగా చీలి గుడికి ఇరుపక్కలా సాగుతుంది. ఒక దారిలో ఒక స్త్రీ నడిచిపోతుంటుంది.

దేవుని ఇల్లు తనకు మూసివేయబడిందన్న నిరాశే ఇందులో ఉందని కొందరంటారు. అయితే ఆయన నిలబడింది బలిపీఠం వెనుక వైపున. ద్వారం అవతలి వైపు ఉంది. చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఆయన వివరించింది ఊదా, నీలం, నారింజ రంగుల గురించే. తరువాత జరిగిన దుఃఖాన్ని తెచ్చి ఈ నీడకు అంటగట్టడం తొందరపాటు అవుతుంది.

దుఃఖం మాత్రం నిజమే. రెండు నెలలు తిరగకముందే, జూలై 29న, తన చేతులారా చేసుకున్న గాయంతో 37వ ఏట ఆయన మరణించారు. ఆత్మహత్య అన్న కారణంతో విచారణ గురువు శవవాహనం ఇవ్వలేదు. పొరుగూరి నుండి తెచ్చుకోవలసి వచ్చింది. చిత్రకారుడు మూయని ద్వారాన్ని మనుషులు మూశారు.

శ్రీసభ నేడు అలా బోధించడం లేదు. తీవ్రమైన మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గించగలదనీ, అటువంటివారి రక్షణ విషయంలో ఆశ వదులుకోరాదనీ 1992 నాటి సత్యోపదేశం చెబుతోంది. శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుంది.

ఆ దేవాలయానికి ఎగువనున్న సమాధుల తోటలో ఆయన, 1914 నుండి ఆయన పక్కనే తమ్ముడు తేయో విశ్రమిస్తున్నారు. ఇలాంటి దుఃఖాన్ని మౌనంగా మోసే కుటుంబాలు మన విచారణల్లోనూ ఉన్నాయి. కారణాలు అడగకుండా వారి ఇంటికి వెళ్ళి, వారితో కలిసి ఒక జపమాల చెప్పి వద్దాం.