తండ్రి తప్పు దిద్దిన ఐదేళ్ల పిల్లవాడు



పిల్లలు గిటార్ కావాలని మారాం చేస్తున్నారని ఈ మధ్య మీలో చాలామంది చెబుతున్నారు. ఫోన్‌లో ఎవరో వాయించింది చూస్తారు, పుట్టినరోజుకు అదే కావాలంటారు. కొనివ్వాలా, వద్దా, కొనిస్తే చదువు ఏమవుతుంది అన్నది మీ బెంగ. ఆ బెంగ తీసిపారేయాల్సింది కాదు. అందుకే ఈ నెల ఈ పేజీలో తీగవాద్యం ఒకటి ఒళ్లో పెట్టుకుని జీవితమంతా దానితోనే గడిపిన ఒక తెలుగువాడి కథ చెప్పాలనుకున్నాం. ఆయన వాయించింది గిటార్ కాదు, వీణ. కానీ మీ పిల్లలు గిటార్‌లో ఏం చూసి మురిసిపోతున్నారో అదంతా ఆయన వీణలో ఉంది.

మన చెన్నూరు దగ్గర ఉత్తరానికి మళ్లి పారే గోదావరి ఎక్కడెక్కడో తిరిగి చివరికి సముద్రంలో కలిసే సీమలో, కాకినాడలో, 1936 అక్టోబరు 13న చల్లపల్లి రంగారావు గారింట్లో ఒక పిల్లవాడు పుట్టాడు. పెట్టిన పేరు హనుమాన్లు. ఇంట్లో ముద్దుగా చిట్టిబాబు అని పిలిచేవారు. ఆ ముద్దుపేరే తర్వాత కచేరీ పోస్టర్ల మీదికీ, గ్రామఫోన్ రికార్డుల అట్టల మీదికీ ఎక్కి కూర్చుంది. హనుమాన్లు అంటే ఇప్పుడు ఎవరికీ తెలియదు.

రంగారావు గారికి వీణ వాయించడం వచ్చు. ఒకరోజు ఆయన వాయిస్తూ ఉంటే ఒకచోట స్వరం తప్పింది. పక్కనున్న ఐదేళ్ల కొడుకు అది పట్టుకుని, అలా కాదు ఇలా అని సరిచేశాడట. చిట్టిబాబు గురించి రాసిన వాళ్లంతా మొదట చెప్పేది ఈ సంగతే. మీరు ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పిల్లవాడి ప్రతిభ సరే, దాని గురించి అందరూ మాట్లాడతారు. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం తండ్రి. ఐదేళ్లవాడు తప్పు చూపిస్తే మనలో ఎంతమందిమి చిరాకు పడకుండా ఉంటాం? పెద్దల మధ్య మాట్లాడకు అని ఎంత తేలిగ్గా అనేస్తాం? రంగారావు గారు అలా అనలేదు. వీడికి చెవి ఉంది అని గుర్తించి వీణ నేర్పించే పనిలో పడ్డారు. మొదట పండ్రవాడ ఉప్పలయ్య గారి దగ్గర, ఆ తర్వాత ఈయుణ్ణి అప్పలాచార్యులు గారి దగ్గర పాఠం చెప్పించారు. పన్నెండేళ్లు వచ్చేసరికి పిల్లవాడు తొలి కచేరీ చేశాడు.

వీణ పట్టుకోవడం పిల్లలకు ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుస్తుంది. గిటార్‌కు ఆరు తీగలు. మెట్లు కర్రలోనే దిగి ఉంటాయి. వీణకు ఏడు తీగలు. నాలుగు వాయించడానికి, పక్కనున్న మూడు తాళానికీ శ్రుతికీ. మెట్లు ఇరవై నాలుగు. వాటిని మైనం మీద నిలబెడతారు. మన మే నెల ఎండ లాంటి ఎండలో వీణను జాగ్రత్తగా పెట్టకపోతే ఆ మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, స్వరం చెడుతుంది. మళ్లీ తెలిసినవాడు వచ్చి మేళం కట్టాల్సిందే. ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు తీగ మీద జారుతూ ఉండాలి. కుడిచేతి అవే వేళ్లు మీటుతుంటే చిటికెన వేలు తాళం తీగలు చూసుకోవాలి. కొత్తలో వేళ్లు కోసుకుపోతాయి. నెలలు గడిస్తే గానీ చర్మం గట్టిపడి తీగ పోయే గాడి ఏర్పడదు. చాలామంది పిల్లలు ఆ గాడి పడకముందే మానేస్తారు. గిటార్ అయినా అంతే. కొన్న గిటార్ అలమారా పైకి ఎక్కేది సరిగ్గా ఆ నెలల్లోనే.

1948లో ఆ కుటుంబం మద్రాసు చేరింది. భరణీ పిక్చర్స్ వారు తీసిన లైలా మజ్ను 1949లో వచ్చింది. అక్కినేని, భానుమతి నటించిన ఆ సినిమా మీ తాతయ్యలు, నానమ్మలు చూసే ఉంటారు. అందులో చిన్నప్పటి మజ్నుగా కనిపించేది చిట్టిబాబే. పన్నెండేళ్ల వయసు, తెర మీద ముఖం, పెద్ద బ్యానరు. ఆ దారినే పోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు గానీ, బాలనటులుగా వెలిగి మీసాలు వచ్చేనాటికి మరుగున పడిపోయిన వాళ్లు మన సినిమాల్లో తక్కువేం కాదు. ఈ పిల్లవాడి చేతిలో వీణ ఉంది. అది నిలబెట్టింది.

మద్రాసులోనే ఆయనకు గురువు దొరికారు. ఈమని శంకరశాస్త్రి గారు. 1922లో ద్రాక్షారామంలో పుట్టినవారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారూ వైణికులే. శంకరశాస్త్రి గారు అప్పట్లో జెమినీ స్టూడియోలో పని చేసేవారు. తర్వాత మద్రాసు రేడియోకూ, అక్కణ్నుంచి ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికీ వెళ్లారు. ఉత్తరాది విద్వాంసులతో జుగల్‌బందీలు చేశారు. ఎవరెస్టు ఎక్కిన సాహసాన్ని తలచుకుని ఆదర్శ శిఖరారోహణం అని ఒక రచన వీణకోసం చేశారు. కొండ ఎక్కడాన్ని వీణ మీద వినిపించడమేమిటని మొహం చిట్లించిన పెద్దలు ఉన్నారు. ఆయన ఆగలేదు.

ఆయన బాణీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, శిష్యుడి గొప్పదనం అందులోంచే వచ్చింది కనుక. వీణను ప్రతి స్వరానికీ ఒక మీటు చొప్పున టంగ్ టంగ్‌మని వాయించవచ్చు. అలా వాయిస్తే స్పష్టంగా ఉంటుంది, కానీ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. శంకరశాస్త్రి గారు ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయేలోగా తీగను మెట్టు మీదనే పక్కకు లాగుతూ రెండు మూడు స్వరాలు అందులోంచే పలికించేవారు. మనిషి ఒకే ఊపిరిలో పాడినట్టుగా. మైనం మీద మెట్లు ఎత్తుగా ఉండేది అందుకే, తీగ లాగడానికి వీలుగా. గిటార్ వాయించేవాళ్లు కూడా తీగను ఇలాగే పక్కకు వంచుతారు. అమెరికాలో బి.బి.కింగ్ అనే ఆయన ఆ వంపుతోనే ప్రపంచప్రసిద్ధుడయ్యాడు. ఒక్క స్వరం వినగానే ఆయనదే అని పోల్చుకునేవారు. తీగను లాగే బలం వేలిది, ఎంత లాగితే ఎక్కడ ఆగాలో తెలిసేది చెవికి. ఐదేళ్లప్పుడు తండ్రి తప్పు పట్టిన చెవి సరైన చోటికి చేరింది.

గురువు దగ్గర నేర్చుకుంటూనే చిట్టిబాబు సినిమా స్టూడియోల్లో వాద్యకారుడిగా పని చేశారు. తెలుగు, తమిళ పాటల్లో వీణ వినిపించిన చోటల్లా ఒకప్పుడు ఆయన వేళ్లు ఉండే అవకాశం ఎక్కువ. సినిమా రికార్డింగు అంటే మాటలు కాదు. నొటేషన్ చేతికిచ్చి, ఒకటి రెండు రిహార్సల్స్‌తో టేక్ అంటారు. వాద్యబృందం మొత్తం ఒకేసారి వాయించాలి. ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదటినుంచి. ఆ శిక్షణ ఏ సంగీత కళాశాలలోనూ దొరకదు. 1964లో శ్రీధర్ తమిళంలో కలైకోయిల్ తీశారు. ఒక వీణా విద్వాంసుడి కథ అది. విశ్వనాథన్, రామమూర్తి సంగీతం. తెర మీద ఎవరు వాయిస్తున్నట్టు కనిపించినా, వినిపించే వీణ చిట్టిబాబుది.

ఇక్కడే అసలు చిక్కు. స్టూడియోలో పని ఉన్నంతకాలం డబ్బు వస్తుంది. కచేరీ అంటే ఏ సభవారు పిలుస్తారో, ఎంత ఇస్తారో తెలియదు. పైగా సినిమాకు వాయించేవాడు అని ముద్ర పడితే సంప్రదాయ సభలవారు లోపలికి రానివ్వడానికే తటపటాయించే రోజులవి. వీణ కూడా గొంతు పెద్దది కాదు. హాల్లో వెనక వరసవారికి చేరదు. వయొలిన్‌కు, నాదస్వరానికి ఉన్న జోరు దానికి లేదు. అలాంటి వాద్యాన్ని నమ్ముకుని సోలో కచేరీల మీదే బతకాలనుకోవడం ఇంట్లో వాళ్లు హాయిగా నిద్రపోయే నిర్ణయం కాదు. ఆయన ఆ వైపే మొగ్గారు.

కచేరీల్లో ఆయన చేసింది పెద్దలకు కొంత నచ్చింది, కొంత నచ్చలేదు. త్యాగరాజ కృతులు, రాగం, తానం అన్నీ ఉండేవి. వాటితో పాటు సొంతంగా కట్టిన చిన్న చిన్న రచనలూ ఉండేవి. కోయిల కూత వీణ మీద పలికేది. గుడిగంటలు మోగేవి. పాశ్చాత్య పద్ధతిలో పెళ్లిగంటలు మోగేవి. వేదపండితులు స్వరంతో మంత్రం చదివినట్టు వీణ చదివేది. గంటలు మోగించడం వీణ పనా అన్నవారున్నారు. నా ఉద్దేశంలో ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అనుకరణ ఎక్కువైతే గారడీ అవుతుంది. కానీ కోయిల కూతలో ఉన్నది అనుకరణ ఒక్కటే కాదు. కూతలోని ఆ జారుడు, కింది స్వరం నుంచి పై స్వరానికి తెగకుండా పోవడం, తీగను కచ్చితంగా అంతే లాగి వదలడం వల్ల వస్తుంది. గమకం మీద ఏళ్లకేళ్లు సాధన చేసినవాడికే అది వశమవుతుంది. పిల్లలు కోయిల విని నవ్వుతారు. విద్వాంసులు ఆ వేలు ఎక్కడ ఆగిందో చూస్తారు. ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెట్టగలిగిన వైణికులు చాలా తక్కువ.

ఫలితం ఏమిటంటే, కర్ణాటక సంగీతం గడప తొక్కని ఇళ్లలోకి కూడా ఆయన రికార్డులు వెళ్లాయి. ఆయన పేరు వినగానే వీణ గుర్తొచ్చే స్థితి వచ్చింది. తమిళనాట ఆయన్ను వీణై చిట్టిబాబు అనే పిలిచారు, ఇంటిపేరు అదే అన్నట్టు. మైసూరు మహారాజా వారు వైణిక శిఖామణి అని బిరుదు ఇచ్చారు. 1990లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. దేశదేశాలు తిరిగి వాయించారు. ఈనాడు ఎలక్ట్రిక్ వీణతో సినిమా పాటలు వాయిస్తూ కుర్రకారును ఊపేస్తున్న రాజేష్ వైద్య, మీ పిల్లల ఫోన్‌లో తప్పకుండా ఉండే ఆయన, చిట్టిబాబు గారి శిష్యుడే.

గోదావరి జిల్లాల్లో ఈ తీగల గాలి ఏదో ఉందనిపిస్తుంది. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని రవీంద్రనాథ్ టాగోర్ శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు. పాలకొల్లు నుంచి మాండలిన్ శ్రీనివాస్ వచ్చాడు. పరాయి వాద్యాన్ని పట్టుకుని పిల్లవాడిగానే కర్ణాటక సభలను గెలిచాడు. గిటార్ పరాయిది కదా అని మీలో ఎవరైనా అనుకుంటుంటే ఆ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి.

1996 ఫిబ్రవరి 9న చెన్నైలో చిట్టిబాబు గారు గుండెపోటుతో పోయారు. అరవై ఇంకా నిండలేదు. గురువు శంకరశాస్త్రి గారు అంతకు ముందే, 1987లో వెళ్లిపోయారు. ఇద్దరి వాదనా ఇప్పుడు మీ ఫోన్‌లో దొరుకుతుంది. ఆదివారం భోజనాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి వినిపించండి. ముందు కోయిల పెట్టండి, లేకపోతే కూర్చోరు. ఆ తర్వాత శంకరశాస్త్రి గారిది ఏదైనా ఒక రాగాలాపన పెట్టి, ఒక్క మీటు మీద ఎన్ని స్వరాలు వచ్చాయో లెక్కపెట్టమనండి. మీరూ లెక్కపెట్టండి. ఇద్దరి లెక్కా కలవకపోతే, పిల్లలది సరైందేమో అని ఇంకోసారి వినండి.